రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రత, అయస్కాంత క్షేత్ర తీవ్రతల ప్రమాణాల మార్పిడి

రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రత, అయస్కాంత క్షేత్ర తీవ్రత అనేవి విద్యుదయస్కాంత శాస్త్రంలో రెండు వేర్వేరు భౌతిక రాశులు. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతి అయిన ఎస్.ఐ.లో ఈ రెండింటికీ ప్రమాణం ఒక్కటే. అది ఆంపియర్/మీటరు. అంతకు ముందు వాడుకలో ఉన్న సెంటీమీటరు-గ్రాము-సెకండు పద్ధతిలో, అంటే సి.జి.ఎస్. విద్యుదయస్కాంత పద్ధతిలో, మొదటి రాశిని అబ్‌ఆంపియర్/సెంటీమీటరులలోనూ, రెండవ రాశిని ఆయిర్‌స్టెడ్‌లలోనూ కొలుస్తారు. ఈ రెండు పాత ప్రమాణాలను ఎస్.ఐ.లోకి మార్చే గుణకాలు వేర్వేరు. 1 అబ్‌ఆంపియర్/సెంటీమీటరు అంటే 1000 ఆంపియర్/మీటరు. 1 ఆయిర్‌స్టెడ్ అంటే సుమారు 79.5775 ఆంపియర్/మీటరు. ఈ రెండు గుణకాల నిష్పత్తి 12.566. ఇది గణితంలోని 'పై' విలువకు (3.14159) సరిగ్గా నాలుగు రెట్లు. ఒక గుణకానికి బదులుగా రెండవదానిని వాడితే ఫలితం పన్నెండున్నర రెట్లు తప్పుతుంది.

ఉక్కు ఉన్న ప్రతి చోటా అయస్కాంత క్షేత్రాన్ని కొలవవలసిన అవసరం కలుగుతుంది. విశాఖపట్నంలో 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో పునాది పడిన నౌకా నిర్మాణ కేంద్రం, తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఉన్నాయి. ఇటువంటి సంస్థలు చేసే పనుల నుండి ఈ మార్పిడికి తగిన ఉదాహరణలు తీసుకోవచ్చు.

రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రత

పలుచని రేకు గుండా విద్యుత్తు ప్రవహిస్తున్నప్పుడు, ప్రవాహ దిశకు లంబంగా తీసుకున్న ప్రమాణ వెడల్పు గుండా పోయే విద్యుత్ ప్రవాహాన్ని రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రత అంటారు. ఉదాహరణకు అర మీటరు వెడల్పు గల రాగి రేకులో 200 ఆంపియర్ల విద్యుత్తు సమానంగా ప్రవహిస్తుంటే దాని రేఖీయ సాంద్రత 400 ఆంపియర్/మీటరు. ఇక్కడ రేకు మందంతో పని లేదు. మందాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చేది వైశాల్య సాంద్రత; దాని ప్రమాణం ఆంపియర్/చదరపు మీటరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

దగ్గర దగ్గరగా చుట్టిన తీగచుట్టను కూడా విద్యుత్తు ప్రవహించే రేకుగా భావించవచ్చు. మీటరు పొడవులో 500 చుట్లు ఉండి, తీగలో 0.8 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంటే, ఆ చుట్ట ఉపరితలంపై రేఖీయ సాంద్రత 500 × 0.8 = 400 ఆంపియర్/మీటరు అవుతుంది.

అయస్కాంత క్షేత్ర తీవ్రత

విద్యుత్ ప్రవాహం తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కలుగజేస్తుంది. పదార్థం యొక్క స్పందనను వేరు చేసి చూడడానికి వీలుగా నిర్వచించిన రాశి అయస్కాంత క్షేత్ర తీవ్రత. పొడవైన సోలినాయిడ్ లోపల దీని విలువను ఈ సూత్రం ఇస్తుంది:

అయస్కాంత క్షేత్ర తీవ్రత = చుట్ల సంఖ్య × విద్యుత్ ప్రవాహం ÷ సోలినాయిడ్ పొడవు

కుడివైపున ఉన్నది ఆ చుట్ట ఉపరితలం మీది రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రతే. పైన చెప్పిన తీగచుట్ట లోపల క్షేత్ర తీవ్రత కూడా 400 ఆంపియర్/మీటరే. ఎస్.ఐ. పద్ధతిలో రెండు రాశులకూ ఒకే ప్రమాణం రావడానికి ఇదే కారణం.

అయితే ప్రమాణం ఒకటైనంత మాత్రాన రాశులు ఒకటి కావు. బలభ్రామకానికీ, శక్తికీ న్యూటన్-మీటరు అనే ప్రమాణమే వచ్చినా అవి రెండూ ఒకటి కానట్లే, ఇక్కడ కూడా. విశాలమైన ఒంటరి రాగి రేకులో 400 ఆంపియర్/మీటరు ప్రవహిస్తే, దానికి ఒక్కొక్క వైపున క్షేత్ర తీవ్రత 200 ఆంపియర్/మీటరు మాత్రమే. రెండు వైపులా దిశలు వ్యతిరేకంగా ఉంటాయి కనుక రెండింటి మధ్య భేదం 400 అవుతుంది. విద్యుత్తు ప్రవహించే ఉపరితలాన్ని దాటినప్పుడు, ఉపరితలానికి సమాంతరంగాను, ప్రవాహానికి లంబంగాను ఉన్న క్షేత్ర తీవ్రతలో వచ్చే మార్పు రేఖీయ సాంద్రతకు సమానం అన్నది సార్వత్రిక నియమం. సోలినాయిడ్ వెలుపల క్షేత్రం దాదాపు శూన్యం కాబట్టి మొత్తం విలువ లోపలే కనిపిస్తుంది.

పాత ప్రమాణాల చరిత్ర

విద్యుత్ ప్రవాహం అయస్కాంత సూచిని కదిలిస్తుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ ప్రకటించాడు. అదే సంవత్సరంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ విద్యుత్ ప్రవాహాల మధ్య గల బలాలను గురించి పరిశోధనలు మొదలుపెట్టాడు. 1832లో జర్మన్ గణిత శాస్త్రవేత్త గాస్ భూ అయస్కాంత క్షేత్రాన్ని పొడవు, ద్రవ్యరాశి, కాలాల ప్రమాణాలతో కొలిచే విధానాన్ని వివరించాడు.

సి.జి.ఎస్. పద్ధతిలో అయస్కాంత ప్రమాణాలన్నీ రెండు ధృవాల మధ్య బలం నుండి మొదలవుతాయి. ఒక ధృవం నుండి క్షేత్రం అన్ని దిక్కులకూ గోళాకారంగా వ్యాపిస్తుంది. గోళం ఉపరితల వైశాల్యం వ్యాసార్థ వర్గానికి నాలుగు 'పై' రెట్లు. అందువలన గోళంతో ఏ సంబంధమూ లేని సోలినాయిడ్ సూత్రంలో కూడా ఈ 12.566 వచ్చి చేరింది:

ఆయిర్‌స్టెడ్‌లు = 12.566 × అబ్‌ఆంపియర్/సెంటీమీటరు

ఆంగ్లేయ శాస్త్రవేత్త హెవిసైడ్ ఈ అమరికను విమర్శించి, ఈ గుణకం గోళాకార సూత్రాలలోనే ఉండాలని వాదించాడు. 1901లో ఇటలీకి చెందిన జొవాన్ని జార్జి మీటరు, కిలోగ్రాము, సెకండులకు నాలుగవదిగా ఒక విద్యుత్ ప్రమాణాన్ని చేర్చి, హెవిసైడ్ కోరిన సవరణతో కూడిన పద్ధతిని ప్రతిపాదించాడు. దాని ఆధారంగానే 1960లో ఎస్.ఐ. పద్ధతి వెలువడింది. ఇందులో 12.566 అనే గుణకం సోలినాయిడ్ సూత్రం నుండి తొలగి, శూన్య ప్రవేశ్యశీలత అనే స్థిరాంకంలోకి వెళ్ళింది. అంటే ఆ గుణకం మాయం కాలేదు, చోటు మాత్రమే మారింది. పాత, కొత్త ప్రమాణాల మధ్య మార్పిడి చేసేటప్పుడు అది మరల కనిపించడానికి ఇదే కారణం.

ఆయిర్‌స్టెడ్ అనే పేరును అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1930లో క్షేత్ర తీవ్రత ప్రమాణానికి స్థిరపరచింది. అంతకు ముందు గాస్ అనే పేరును రెండు రాశులకూ వాడేవారు.

మార్పిడి గుణకాలు

రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రతకు:

* 1 ఆంపియర్/సెంటీమీటరు = 100 ఆంపియర్/మీటరు
* 1 ఆంపియర్/మిల్లీమీటరు = 1000 ఆంపియర్/మీటరు
* 1 ఆంపియర్/అంగుళం = 39.3701 ఆంపియర్/మీటరు
* 1 అబ్‌ఆంపియర్/సెంటీమీటరు = 1000 ఆంపియర్/మీటరు (1 అబ్‌ఆంపియర్ అంటే 10 ఆంపియర్లు; దీనికే బయో అని మరొక పేరు)

అయస్కాంత క్షేత్ర తీవ్రతకు:

* 1 ఆయిర్‌స్టెడ్ = 79.5775 ఆంపియర్/మీటరు (1000ను 12.5664తో భాగించగా వచ్చినది)
* 1 ఆంపియర్/మీటరు = 0.0125664 ఆయిర్‌స్టెడ్
* 1 కిలోఆంపియర్/మీటరు = 12.5664 ఆయిర్‌స్టెడ్‌లు
* 1 ఆయిర్‌స్టెడ్ = 2.0213 ఆంపియర్/అంగుళం
* 1 గిల్బర్ట్/సెంటీమీటరు = 1 ఆయిర్‌స్టెడ్

మొదటి జాబితాలో జరిగేది కేవలం పొడవుల మార్పిడి, పదుల హెచ్చవేత. అందులో 'పై'కి చోటు లేదు. రెండవ జాబితాలో సి.జి.ఎస్. పద్ధతి నుండి ఎస్.ఐ.కి వచ్చేటప్పుడు 'పై' తప్పక వస్తుంది. కాబట్టి సంఖ్యను చూసే ముందు అది ఏ రాశికి సంబంధించినదో నిర్ణయించుకోవాలి.

పైన చెప్పిన 500 చుట్ల తీగచుట్టతో దీనిని సరిచూడవచ్చు. 400 ఆంపియర్/మీటరును 1000తో భాగిస్తే 0.4 అబ్‌ఆంపియర్/సెంటీమీటరు వస్తుంది. దానిని 12.566తో గుణిస్తే 5.03 ఆయిర్‌స్టెడ్‌లు. నేరుగా 400ను 79.5775తో భాగించినా అదే 5.03 వస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి కనుక లెక్క సరియైనది.

గాస్‌కు, ఆయిర్‌స్టెడ్‌కు తేడా

గాస్ అయస్కాంత అభివాహ సాంద్రతకు సి.జి.ఎస్. ప్రమాణం. దీనికి ఎస్.ఐ. ప్రమాణం టెస్లా, 1 టెస్లా 10,000 గాస్‌లకు సమానం. శూన్యంలో 1 ఆయిర్‌స్టెడ్ తీవ్రత ఉన్న చోట అభివాహ సాంద్రత 1 గాస్ ఉంటుంది. గాలిలో కూడా తేడా లెక్కలోకి రానంత స్వల్పం. అందువలన గాలిలో కొలిచే పరికరంపై గాస్ అని ఉన్నా దానిని ఆయిర్‌స్టెడ్‌గా చదువుకోవడం ఆచారమైంది. ఉక్కు లోపల మాత్రం ఈ సమానత్వం చెల్లదు. అక్కడ కొద్ది ఆయిర్‌స్టెడ్‌ల తీవ్రతకే వేల గాస్‌ల అభివాహ సాంద్రత ఏర్పడుతుంది.

అయస్కాంతీకరణ తీవ్రతకు కూడా ఎస్.ఐ. ప్రమాణం ఆంపియర్/మీటరే. స్వచ్ఛమైన ఇనుము పూర్తిగా అయస్కాంతీకరణ చెందినప్పుడు ఈ విలువ సుమారు 17 లక్షల ఆంపియర్/మీటరు. ఆంపియర్ ఊహించినట్లు అయస్కాంతత్వాన్ని పదార్థంలోని సూక్ష్మ ప్రవాహాల ఫలితంగా తీసుకుంటే, ఆ ఇనుప కడ్డీ ఉపరితలం చుట్టూ మిల్లీమీటరుకు సుమారు 1700 ఆంపియర్ల రేఖీయ ప్రవాహం ఉన్నట్లు లెక్క. ఇంతటి ప్రవాహాన్ని రాగి తీగచుట్టతో నిలకడగా పొందడం చాలా కష్టం. విద్యుదయస్కాంతాలలో ఇనుప గర్భాన్ని ఎందుకు పెడతారో దీనివలన తెలుస్తుంది.

విశాఖపట్నం: భూ అయస్కాంత క్షేత్రం, ఓడలు

విశాఖపట్నంలో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం సుమారు 40 మైక్రోటెస్లా, అంటే 0.4 గాస్. గాలిలో ఇది 0.4 ఆయిర్‌స్టెడ్‌కు, 32 ఆంపియర్/మీటరుకు సమానం. అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొన సమీపం నుండి పోతుంది. అందువలన ఇక్కడ క్షితిజ సమాంతర అంశం ఎక్కువ, నిలువు అంశం తక్కువ. దక్షిణ ఇంగ్లాండులో దీనికి విరుద్ధంగా క్షితిజ సమాంతర అంశం సుమారు 20 మైక్రోటెస్లా కాగా, నిలువు అంశం సుమారు 45 మైక్రోటెస్లా ఉంటుంది.

ఉక్కుతో కట్టిన ఓడ ఈ క్షేత్రంలో ఉన్నంత కాలం తాను కూడా బలహీనమైన అయస్కాంతంగా మారుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఈ లక్షణాన్ని ఆధారం చేసుకొని పేలే సముద్ర మందుపాతరలను వాడింది. 1939 నవంబరులో ఇంగ్లాండులోని షూబరీనెస్ తీరాన అటువంటిది ఒకటి పేలకుండా దొరకడంతో దాని రహస్యం తెలిసింది. ఓడ చుట్టూ తీగచుట్టలు అమర్చి, వాటిలో తగినంత విద్యుత్తును పంపి ఓడ అయస్కాంతత్వాన్ని అణచే విధానం అప్పుడు అభివృద్ధి చెందింది. గాస్ పేరు మీదుగా దీనిని డీగాసింగ్ అంటారు. యుద్ధనౌకలకు ఇది నేటికీ అవసరమే. ఓడ ఒక అక్షాంశం నుండి మరొక అక్షాంశానికి వెళ్ళినప్పుడు భూ క్షేత్రపు అంశాలు మారతాయి కనుక తీగచుట్టలలో విద్యుత్తును కూడా మార్చవలసి ఉంటుంది.

మార్పిడిలో పొరపాటు ఎంత పెద్దదో ఈ లెక్కలో చూడవచ్చు. మీటరుకు ఒక చుట్టు చొప్పున చుట్టిన పొడవైన సోలినాయిడ్ లోపల 0.4 ఆయిర్‌స్టెడ్ క్షేత్రాన్ని రద్దు చేయాలనుకుందాం. 0.4 × 79.5775 = 32 ఆంపియర్/మీటరు కాబట్టి 32 ఆంపియర్ల విద్యుత్తు సరిపోతుంది. ఆయిర్‌స్టెడ్‌ను అబ్‌ఆంపియర్/సెంటీమీటరుగా భ్రమపడి 1000తో గుణిస్తే 400 ఆంపియర్లు వస్తాయి. అంత విద్యుత్తు పంపితే క్షేత్రం రద్దు కావడానికి బదులు, వ్యతిరేక దిశలో 368 ఆంపియర్/మీటరు మిగులుతుంది. ఇది మొదట ఉన్న క్షేత్రానికి పదకొండున్నర రెట్లు. నిజమైన ఓడ ఆకారం సోలినాయిడ్ వలె సరళంగా ఉండదు కనుక, దాని చుట్టలలో పంపవలసిన విద్యుత్తును సముద్రగర్భంలో అమర్చిన కొలత పరికరాల మీదుగా ఓడను నడిపి నిర్ణయిస్తారు.

ఉక్కులో పగుళ్ళ పరీక్ష

ఉక్కు కడ్డీలు, చక్రాలు, ఓడల వెల్డింగు అతుకులలో కంటికి కనబడని పగుళ్ళను గుర్తించడానికి అయస్కాంత చూర్ణ పరీక్ష చేస్తారు. ఉక్కును అయస్కాంతీకరించి దానిపై సన్నని ఇనుప చూర్ణం చల్లితే, పగులు ఉన్న చోట క్షేత్రం బయటికి పొంగి చూర్ణాన్ని పట్టి ఉంచుతుంది. ఇందుకు ఉపరితలం వద్ద సాధారణంగా 30 నుండి 60 గాస్‌ల క్షేత్రం కావాలని చెబుతారు. ఈ కొలత ఉక్కు వెలుపల గాలిలో తీసుకునేది కనుక దానిని 30 నుండి 60 ఆయిర్‌స్టెడ్‌లుగా, అంటే సుమారు 2400 నుండి 4800 ఆంపియర్/మీటరుగా మార్చవచ్చు.

గుండ్రని కడ్డీ గుండా నేరుగా విద్యుత్తు పంపినప్పుడు దాని ఉపరితలం వద్ద క్షేత్ర తీవ్రత, విద్యుత్ ప్రవాహాన్ని కడ్డీ చుట్టుకొలతతో భాగించగా వచ్చిన విలువకు సమానం. 25 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీ చుట్టుకొలత 78.54 మిల్లీమీటర్లు. అందులో 500 ఆంపియర్లు పంపితే ఉపరితల తీవ్రత 6366 ఆంపియర్/మీటరు, అంటే 80 ఆయిర్‌స్టెడ్‌లు. 30 ఆయిర్‌స్టెడ్‌లు చాలనుకుంటే సుమారు 188 ఆంపియర్లు సరిపోతాయి.

ఇక్కడ కూడా తప్పు గుణకం ప్రమాదకరమే. 2400 ఆంపియర్/మీటరును 79.5775తో కాక 1000తో భాగిస్తే 2.4 వస్తుంది. గాస్ మీటరుపై 2.4 చూసి చాలుననుకుంటే క్షేత్రం కావలసిన దానిలో పన్నెండవ వంతు కూడా ఉండదు. చూర్ణం నిలవదు, పగులు కనబడదు, లోపమున్న వస్తువు మంచిదిగా బయటికి వెళ్ళిపోతుంది.

మందపాటి పలకలను పరీక్షించేటప్పుడు రెండు లోహపు కడ్డీలను పలకకు ఆనించి వాటి మధ్య విద్యుత్తు పంపే పద్ధతి ఒకటి ఉంది. ముప్పాతిక అంగుళం, అంతకు మించిన మందానికి కడ్డీల మధ్య దూరంలో అంగుళానికి 100 నుండి 125 ఆంపియర్లు పంపాలని అమెరికా నియమావళి చెబుతుంది. దీనిని మార్చితే 3937 నుండి 4921 ఆంపియర్/మీటరు వస్తుంది. ప్రమాణం ఆంపియర్/మీటరే అయినా ఇది క్షేత్ర తీవ్రత కాదు. ఇక్కడ పొడవు ప్రవాహ దిశలోనే ఉంది కనుక రేఖీయ సాంద్రత కూడా కాదు. ఇది అనుభవంతో ఏర్పరచుకున్న పని నియమం మాత్రమే. దీనిని 79.5775తో భాగించి ఆయిర్‌స్టెడ్‌లుగా చెప్పడం అర్థరహితం.

ఖనిజాలు, మోటార్లు

విశాఖపట్నం ఓడరేవుకు బైలదిల్లా గనుల నుండి వచ్చే ఇనుప ఖనిజం ప్రధానంగా హెమటైటు. ఇది బలహీనంగా మాత్రమే అయస్కాంతానికి లోబడుతుంది. మాగ్నటైటును వేరు చేయడానికి సుమారు 1000 గాస్‌ల క్షేత్రం చాలగా, హెమటైటుకు 10,000 గాస్‌ల స్థాయి క్షేత్రం కావలసి ఉంటుంది. భీమునిపట్నం పరిసరాల సముద్ర తీరంలో కనిపించే నల్లని ఇసుకలో మాగ్నటైటు రేణువులు మామూలు అయస్కాంతానికే అంటుకోవడం, ఇల్మెనైటుకు బలమైన అయస్కాంతం అవసరం కావడం ఇందువలననే. గాలిలో 10,000 ఆయిర్‌స్టెడ్‌లు అంటే సుమారు 7,96,000 ఆంపియర్/మీటరు.

ఉక్కును సాగదీసే రోలింగ్ మిల్లులను నడిపే మోటార్ల రూపకల్పనలో రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రత ముఖ్యమైన కొలత. మోటారు గాలి సందు వెంబడి మీటరు చుట్టుకొలతకు ఉన్న వాహకాలలో మొత్తం ఎన్ని ఆంపియర్లు ప్రవహిస్తున్నాయో అది తెలుపుతుంది. ఇండక్షన్ మోటార్లలో ఇది సాధారణంగా 5000 నుండి 45,000 ఆంపియర్/మీటరు వరకు ఉంటుంది. పాత అమెరికా పుస్తకాలలో దీనిని అంగుళానికి ఇచ్చేవారు. 30,000 ఆంపియర్/మీటరు అంటే 762 ఆంపియర్/అంగుళం. ఈ మార్పిడికి 39.3701 మాత్రమే వాడాలి. మోటారు సందులోని క్షేత్రం ఇనుప గర్భం మీద, ఇతర చుట్టల మీద కూడా ఆధారపడుతుంది కనుక ఈ సంఖ్యను ఆయిర్‌స్టెడ్‌లలోకి మార్చి అదే సందులోని క్షేత్రమని భావించరాదు.

ప్రస్తుత స్థితి

భారతదేశంలో మెట్రిక్ పద్ధతికి 1956 నాటి తూనికలు, కొలతల చట్టం పునాది వేసింది. 1976 చట్టం ఎస్.ఐ. ప్రమాణాలను స్వీకరించింది. దాని స్థానంలో వచ్చిన 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 నుండి అమలులో ఉంది. అయినా శాశ్వత అయస్కాంతాల వ్యాపారంలోనూ, ఖనిజ శుద్ధిలోనూ, పగుళ్ళ పరీక్షలోనూ గాస్, ఆయిర్‌స్టెడ్‌లు వాడుకలో మిగిలి ఉన్నాయి.

2019 మే 20 నుండి ఆంపియర్‌ను ఎలక్ట్రాను ఆవేశం ఆధారంగా నిర్వచిస్తున్నారు. అంతకు ముందు శూన్య ప్రవేశ్యశీలత విలువ 12.566లో కోటవ వంతుగా నిర్వచనం చేతనే స్థిరంగా ఉండేది. ఇప్పుడు దానిని ప్రయోగం ద్వారా కొలవాలి. కొలిచిన విలువకు, పాత విలువకు తేడా వంద కోట్లలో ఒక వంతు కంటే తక్కువ. కాబట్టి పై జాబితాలోని గుణకాలను అన్ని ఆచరణాత్మక అవసరాలకూ యథాతథంగా వాడవచ్చు.